బోస్టన్ చెరువు మంచును మద్రాసుకు చేర్చిన ఫ్రెడరిక్ ట్యూడర్

చెన్నై మెరీనా తీరం వెంట నడిస్తే ట్రిప్లికేన్ దగ్గర ఒక గుండ్రటి మేడ కనిపిస్తుంది. ఇప్పుడు దాని పేరు వివేకానందర్ ఇల్లం. విదేశాల నుంచి తిరిగొచ్చిన స్వామి వివేకానంద 1897 ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు అందులో ఉన్నారు కాబట్టి ఆ పేరు. ఆ పేటను మాత్రం జనం ఇప్పటికీ ఐస్ హౌస్ అనే అంటారు. స్వామీజీ అడుగు పెట్టడానికి యాభై ఏళ్ళకు పైగా ముందు, 1842లో, ఆ కట్టడాన్ని లేపింది మనుషులు ఉండడానికి కాదు, మంచుగడ్డలు ఉంచడానికి. ఆ మంచు హిమాలయాలది కాదు. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల చెరువుల్లో చలికాలం గడ్డకట్టిన నీరు. నాలుగు నెలలు ఓడలో ప్రయాణం చేసి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి మద్రాసు ఎండలోకి వచ్చేది. ఆ వ్యాపారం నడిపిన మనిషి ఫ్రెడరిక్ ట్యూడర్. అమెరికన్లు ఆయన్ని మంచు రాజు అని పిలిచారు.

ఈయన కథ సిరొంచ బడి పిల్లలకు ఎందుకంటారా? చంద్రపూర్‌లో పాదరసం 47 డిగ్రీలు దాటే రోజుల్లో ఇక్కడ ప్రాణహిత ఒడ్డున మన పరిస్థితీ అంతే. చల్లదనం మనకు సరదా వస్తువు కాదు. దొరికినప్పుడు చల్లదనాన్ని దాచుకుని, అవసరమైనప్పుడు వాడుకోవడం ఎలా అన్నదే ట్యూడర్ ఎనభై ఏళ్ళ బతుకులో అరవై ఏళ్ళు తిన్న ప్రశ్న. ఈ రోజు పెద్ద పెద్ద భవనాల్లో రాత్రి పూట ఐసు చేసి పెట్టి, పగలు దానితో గదులు చల్లబరిచే పద్ధతికి మూలం కూడా అదే ప్రశ్న.

ట్యూడర్ 1783 సెప్టెంబర్ 4న బోస్టన్‌లో పుట్టారు. తండ్రి పేరున్న న్యాయవాది, స్వాతంత్ర్య యుద్ధంలో వాషింగ్టన్ సైన్యానికి న్యాయాధికారిగా పనిచేసినవారు. అన్నదమ్ములకు హార్వర్డ్ చదువు దొరికింది. ఫ్రెడరిక్ మాత్రం పదమూడేళ్ళకే బడి మానేశారు. పిల్లవాడికి చదువు అబ్బలేదని తీర్పు చెప్పడం మన ఊళ్ళలోనూ అలవాటే. తర్వాత ఆయన చేసిన పనులు చూస్తే, చదువు మానినవాడు కొలతలు మానలేదని అర్థమవుతుంది.

1801లో, పదిహేడేళ్ళ వయసులో, జబ్బుతో ఉన్న అన్న జాన్‌ను గాలి మార్పు కోసం క్యూబాలోని హవానాకు తీసుకెళ్ళారు. అక్కడి ఉక్కపోత అన్నను ఇంకా కుంగదీసింది. మరుసటి ఏడాది జాన్ చనిపోయారు. వేడి దేశంలో జబ్బు మనిషి పక్కన కూర్చుని విసనకర్ర విసిరినవారికి చల్లని నీళ్ళ విలువ ఎవరూ నేర్పక్కర్లేదు. ట్యూడర్ కుటుంబానికి సాగస్ అనే చోట పొలం, అందులో చెరువు ఉండేవి. చలికాలం ఆ చెరువు మంచు కోసి నేలకొట్టులో దాచుకుని, వేసవిలో తాగే నీళ్ళలో వేసుకోవడం ఆ ప్రాంతంలో కలిగినవాళ్ళకు మామూలే. ఆ మంచునే వేడి దేశాలకు తీసుకెళ్ళి అమ్మితే ఎలా ఉంటుందన్న మాట 1805లో అన్నదమ్ముల మధ్య వచ్చింది. మిగతావాళ్ళకు అది భోజనాల దగ్గరి ముచ్చట. ఫ్రెడరిక్‌కు మాత్రం అదే పనైపోయింది.

ఆయన మంచు మోయడానికి ఏ ఓడ యజమానీ ఒప్పుకోలేదు. కరిగిన నీళ్ళతో సరుకు పాడవుతుందని, ఓడ మునుగుతుందని భయం. దాంతో 4,750 డాలర్లు పెట్టి ఫేవరిట్ అనే ఓడను తానే కొన్నారు. 1806 ఫిబ్రవరిలో అది మార్టినిక్ దీవికి బయలుదేరితే బోస్టన్ పత్రిక ఒకటి ఆ వార్త వేసి, ఇది వేళాకోళం కాదని పాఠకులకు చెప్పుకోవాల్సి వచ్చింది. మంచు గడ్డలుగానే దీవి చేరింది. చిక్కు ఆ తర్వాత మొదలైంది. దాన్ని దించి ఉంచడానికి అక్కడ కొట్టు లేదు. కొన్నవాళ్ళకు దాన్ని ఏం చేసుకోవాలో తెలియదు. ఇంటికి పట్టుకెళ్ళి ఎండలో పెట్టినవాళ్ళు, నీళ్ళలో వేసినవాళ్ళు, కరిగిపోయిందని తిరిగొచ్చి గొడవ పెట్టుకున్నారు. ఒక తోట యజమానికి ఐస్‌క్రీం చేయడం ట్యూడరే దగ్గరుండి నేర్పించి కొంత అమ్మించారు. మొత్తం మీద దాదాపు 4,500 డాలర్ల నష్టంతో మొదటి యాత్ర ముగిసింది.

తర్వాతి పదేళ్ళు కష్టాలే. తండ్రి భూముల వ్యాపారంలో ఆస్తి పోగొట్టుకున్నారు. అమెరికా ప్రభుత్వం విదేశీ వాణిజ్యం మీద ఆంక్ష పెట్టింది. 1812లో ఇంగ్లండుతో యుద్ధం వచ్చింది. అప్పు తీర్చలేక ట్యూడర్ 1812లో ఒకసారి, 1813లో ఇంకోసారి జైలుకు వెళ్ళారు. అప్పు పడితే జైల్లో వేయడం ఆనాటి చట్టం. 1815లో మళ్ళీ అప్పు చేసి, పోలీసులు వెతుకుతుండగానే హవానా ఓడ ఎక్కారు.

ట్యూడర్ నిజంగా గెలిచింది ఆ హవానాలో. అక్కడ ఆయన మంచు అమ్మకం కంటే ముందు మంచు కొట్టు కట్టారు. బయటి కొలత 25 అడుగుల చదరం, లోపలి కొలత 19 అడుగులు. అంటే ప్రతి వైపునా మూడడుగుల మందం. చెక్క గోడలు రెండు వరసలు, మధ్యలో వేడిని దాటనివ్వని సరుకు. ఎత్తు 16 అడుగులు, 150 టన్నులు పడుతుంది. మధ్యలో ఏం నింపితే మంచు ఎక్కువ రోజులు నిలుస్తుందో చూడడానికి గడ్డి, చెక్క పేళ్ళు, రంపపు పొట్టు, వరి ఊక అన్నీ ప్రయత్నించారు. కరిగిన నీటిని కొలిచి లెక్క రాసుకున్నారు. తలుపు ఎన్నిసార్లు తీస్తే ఎంత పోతుందో కూడా ఆయనకు లెక్కే.

వరి ఊక అన్నాం కదా, అక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఊకలోనూ పొట్టులోనూ చల్లదనం ఏమీ ఉండదు. అందులో ఇరుక్కుని కదలలేని గాలి ఉంటుంది. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా మోస్తుంది. గొంగడి మనిషికి వెచ్చదనం ఇస్తుందని, అదే గొంగడి మంచుగడ్డకు కప్పితే చల్లదనం కాపాడుతుందని చెబితే పిల్లలు మొదట నమ్మరు. గొంగడి వేడినీ పుట్టించదు, చలినీ పుట్టించదు, దాటనివ్వదంతే. ఊక తడిస్తే ఈ గుణం పోతుంది. అందుకే ట్యూడర్ కొట్లలో కరిగిన నీరు అడుగు నుంచి ఎప్పటికప్పుడు బయటికి పోయేలా కాలువ పెట్టేవారు.

ఆయనకు రంపపు పొట్టు మెయిన్ రాష్ట్రంలో కోతమిషన్ల దగ్గర దొరికేది. మిషన్లవాళ్ళు నదిలో పారబోసే చెత్త అది. మంచు కూడా ఎవరికీ అక్కర్లేని చెరువు నీరే. ఇక బోస్టన్ నుంచి దూరదేశాలకు సరుకు తేవడానికి వెళ్ళే ఓడలు చాలాసార్లు వెళ్ళేటప్పుడు ఖాళీగా, బరువు కోసం రాళ్ళు నింపుకుని వెళ్ళేవి. రాళ్ళ బదులు మంచు వేసుకోమని తక్కువ కిరాయికి బేరం కుదుర్చుకున్నారు. పనికిరాని మూడింటిని కలిపి వ్యాపారం చేసిన తెలివి అది. ఆలాపల్లి టేకు కోసే చోట పొట్టు కుప్పలు చూసిన మన పిల్లలకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

చార్లెస్టన్, సవానా, న్యూ ఆర్లియన్స్‌లలో కొట్లు లేచాయి. 1825 ప్రాంతంలో నథానియల్ వైత్ అనే ఆయన గుర్రాలతో లాగే మంచు నాగలి చేసి ఇచ్చారు. నాగలి గీతలు గీసుకుంటూ పోతే చెరువు మీది మంచు గళ్ళ నోటుపుస్తకంలా చీలి, ఒకే కొలత దిమ్మెలు వచ్చేవి. ఖర్చు తగ్గడమే కాదు, ఇందులో ఇంకో లాభం ఉంది. ఒకే కొలత దిమ్మెలను ఇటుకల్లా సందు లేకుండా పేరిస్తే కుప్పంతా ఒకే పెద్ద గడ్డలా ఉంటుంది, గాలి తగిలే పైభాగం తగ్గుతుంది. చిన్న ఐసు ముక్క నిమిషాల్లో కరుగుతుంది, పెద్ద దిమ్మె రోజంతా ఉంటుంది. మన పెళ్ళిళ్ళలో ఐసు దిమ్మెను ముందే పగలగొట్టనివ్వని వంటమేస్త్రీకి ఈ సూత్రం బాగా తెలుసు.

ఇక మన దేశం సంగతి. 1833 మే 12న టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరింది. సెప్టెంబర్‌లో హుగ్లీ నదిలోకి వచ్చేసరికి దాదాపు 100 టన్నులు మిగిలింది. నాలుగు నెలల తర్వాత సగానికి పైగా నిలవడం అంటే, ఆ మూడడుగుల గోడ పాఠం ఓడ అడుగున కూడా పనిచేసిందన్నమాట. ప్రభుత్వం సుంకం మాఫీ చేసింది, ఎండ లేని వేళ దించుకోనిచ్చింది. గవర్నర్ జనరల్ బెంటింక్ ట్యూడర్ ఏజెంటు రోజర్స్‌కు వెండి పాత్ర బహూకరించారు. కలకత్తా పెద్దలు చందాలు వేసుకుని మంచు కొట్టు కట్టించారు. తర్వాత బొంబాయి, ఆ తర్వాత మద్రాసు.

అంతకు ముందు మన దేశంలో ఐసు లేదనుకోకూడదు. అలహాబాద్ వైపు, హుగ్లీ ఒడ్డున చలికాలం రాత్రుళ్ళు పల్లపు గుంతల్లో గడ్డి పరిచి, మట్టి మూకుళ్ళలో పలచగా నీళ్ళు పోసి ఉంచేవారు. గాలి అంత చల్లగా లేకపోయినా, తేటగా ఉన్న ఆకాశానికి నీటి వేడి పోయి తెల్లవారేసరికి పైన పలచటి పొర కట్టేది. పొద్దు పొడవకముందే వందల మంది దాన్ని ఏరి గుంతల్లో దాచేవారు. బోస్టన్ మంచు ముందు ఆ పలచటి, మురికి ఐసు నిలబడలేదు. ఆ పనిచేసే కుటుంబాలు తర్వాత ఏమయ్యాయో చరిత్ర పుస్తకాలు పెద్దగా పట్టించుకోలేదు.

మద్రాసుకు అప్పటికి ఓడరేవు లేదు. ఓడలు దూరంగా లంగరు వేసేవి. మేకులు లేకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టిన మసూలా పడవలు అలల మీద ఎగిరిపడుతూ సరుకును ఒడ్డుకు చేర్చేవి. మసూలా అన్న పేరులో మన మచిలీపట్నం ఉందనేవాళ్ళు ఉన్నారు. బోస్టన్ మంచుకు చివరి మజిలీ ఆ పడవలే. తీరం నుంచి నాలుగడుగుల్లో కొట్టు ఎందుకు కట్టారో దీన్నిబట్టి తెలుస్తుంది. కానీ ఆ మంచు ఎవరి గ్లాసులోకి వెళ్ళింది? తెల్లదొరల గ్లాసుల్లోకి, కలిగినవాళ్ళ విందుల్లోకి, వైద్యుడు చెబితే జ్వరంతో ఉన్న కొందరి నుదుటి మీదికి. అలలకు ఎదురెళ్ళి దాన్ని మోసినవాళ్ళకు చేతి తడి తప్ప దక్కింది లేదు. అటు హవానాలో, చార్లెస్టన్‌లో కొన్నవాళ్ళు బానిసలతో తోటలు సాగుచేయించిన యజమానులు. ట్యూడర్ పట్టుదలను మెచ్చుకుంటాం గానీ, ఈ సంగతి వదిలేసి పిల్లలకు కథ చెప్పడం మాకు ఇష్టం లేదు.

ఆ రోజుల్లో మన సిరొంచ నిజాం పాలనలో ఉంది. 1860లో ఇంగ్లిషువాళ్ళ చేతికి వచ్చి ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రమైంది. రాజమండ్రి నుంచి ఇటువైపు పడవలు నడపాలని ఆర్థర్ కాటన్ పెట్టుకున్న పథకం 1871లో ఆగిపోయింది. సముద్రం మీద పదహారు వేల మైళ్ళు వచ్చిన మంచుకు గోదావరి మీద ఆ కొద్ది దూరం దారి దొరకలేదు! ఇక్కడి దొరల బంగళాలకు వట్టివేళ్ళ తడికెలే గతి. వాటి మీద నీళ్ళు చల్లితే నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది. మన కూలరు పనిచేసేదీ అలాగే, అందుకే మేలో హాయిగా ఉండి జూలై ముసురులో చేతులెత్తేస్తుంది.

కలకత్తా వ్యాపారం ఇరవై ఏళ్ళలో 2,20,000 డాలర్ల లాభం తెచ్చింది. ఆ డబ్బు ఆయన్ని ఆదుకుందని చెప్పాలి. ఎందుకంటే 1830లలో కాఫీ ధర పెరుగుతుందని జూదంలా కొని రెండు లక్షల డాలర్లకు పైగా అప్పుల్లో పడ్డారు. యాభై ఏళ్ళ వయసులో, 1834లో, యుఫీమియా ఫెనో అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయిని పెళ్ళాడారు. ఆరుగురు పిల్లలు. అప్పు తీర్చడానికి పదిహేనేళ్ళ దాకా పట్టింది గానీ చిల్లిగవ్వతో సహా తీర్చారు. 1846-47 చలికాలం ఆయన మనుషులు వాల్డెన్ చెరువు మంచు కోస్తుంటే, ఒడ్డున గుడిసెలో ఉన్న థోరో చూసి తన పుస్తకంలో రాసుకున్నారు. భగవద్గీత చదువుకునే ఆ రచయిత, ఆ చెరువు నీటినీ గంగనూ ఊహలో కలిపారు.

ట్యూడర్‌కు నచ్చని మనిషి ఒకరు దక్షిణాన ఫ్లోరిడాలో ఉండేవారు. డాక్టర్ జాన్ గోరీ, అపలాచికోలా అనే రేవు ఊరిలో వైద్యుడు. మన గడ్చిరోలిలాగే అక్కడా మలేరియా ఎక్కువ. దోమ సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. గాలి చెడి జ్వరం వస్తుందనే నమ్మకం. గోరీ జ్వరం రోగుల గది పైకప్పుకు ఐసు పాత్ర వేలాడదీసి, బయటి గాలి దాని మీదుగా కిందికి దిగేలా చేశారు. చల్లగాలి బరువు, కిందికే వస్తుంది. జబ్బు కారణం తప్పు, కానీ రోగికి ఉపశమనం నిజం. ఇంటి గదిని ఐసుతో చల్లబరిచిన తొలి ప్రయత్నాల్లో ఇది ముఖ్యమైనది. ఓడ రాకపోతే ఐసు లేదు, కాబట్టి ఐసు చేసే యంత్రమే తయారుచేసి 1851 మే 6న పేటెంటు తెచ్చుకున్నారు. పెట్టుబడి దొరకలేదు. ట్యూడర్ తన మీద దుష్ప్రచారం చేయిస్తున్నారని ఆయన అనుమానం. రుజువులు లేవు. 1855లో గోరీ చేతిలో పైసా లేకుండా చనిపోయారు. ట్యూడర్ 1864 ఫిబ్రవరి 6న ఎనభై ఏళ్ళ వయసులో ధనవంతుడిగా కన్నుమూశారు. మరో ఇరవై ఏళ్ళలోపే గెలిచింది గోరీ దారి. 1870లలో మద్రాసులో, కలకత్తాలో ఐసు యంత్రాలు వచ్చాయి. బోస్టన్ ఓడలు ఆగిపోయాయి. మద్రాసు కొట్టును బిళిగిరి అయ్యంగార్ అనే న్యాయవాది కొని, గోడలకు కిటికీలు పెట్టించి ఇల్లు చేసుకున్నారు. కలకత్తా, బొంబాయి కొట్లను కూల్చేశారు.

ట్యూడర్ వ్యాపారం పోయింది గానీ ఆ కాలపు కొలత మన ఇళ్ళలోకి వచ్చింది. ఒకటిన్నర టన్ను ఏసీ అంటాం. ఆ టన్ను పెట్టె బరువు కాదు. ఒక అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచు 24 గంటల్లో కరుగుతూ ఎంత వేడిని లాక్కుంటుందో అంత చల్లదనం అని అర్థం. సున్నా డిగ్రీల కిలో మంచు సున్నా డిగ్రీల నీరు కావడానికే 334 కిలోజౌళ్ళు కావాలి. అంత వేడిని కిలో నీటికి ఇస్తే సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాగుతుంది. మన పుస్తకాల్లో గుప్తోష్ణం అనే మాట ఉంది కదా, అదే ఇది. వేడి దాక్కుంటుంది, థర్మామీటరు కదలదు. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో గుణకారం చేయించండి. ఒక టన్ను ఏసీ అంటే సెకనుకు మూడున్నర కిలోజౌళ్ళు వస్తుంది. ఎనిమిది గంటలకు దాదాపు 300 కిలోల ఐసు. మేడ మీది 500 లీటర్ల ట్యాంకులో అది పట్టేస్తుంది, కొంత చోటు కూడా మిగులుతుంది.

పెద్ద భవనాల్లో ఇదే చేస్తారు. రాత్రి కరెంటు చవకగా దొరికినప్పుడు ట్యాంకుల్లో నీటిని గడ్డకట్టిస్తారు. పగలు ఆ ఐసు చుట్టూ గొట్టాల్లో ద్రవం తిప్పి గదులు చల్లబరుస్తారు. ఇంటికి సరిపోయే యంత్రాలు విదేశాల్లో వచ్చాయి గానీ బాగా పాకలేదు. రాత్రికీ పగటికీ కరెంటు ధరలో తేడా లేని ఇంట్లో ఇది గిట్టుబాటు కాదు. ఐసు చేయడానికి యంత్రం సున్నా కంటే కిందికి దిగాలి, అందుకు మామూలు ఏసీ కంటే కరెంటు కొంచెం ఎక్కువ తాగుతుంది. కనుక ఎవరైనా మీ ఇంటికి ఇది పెట్టించుకోండని వస్తే, ముందు మీ మీటరు రేటు అడిగి చూసుకోండి.

కానీ ఐసులో చల్లదనం దాచే పెట్టె మన ఊళ్ళో ఇప్పటికే ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు ఉంచే ఐసు గోడల ఫ్రిజ్ అది. లోపలి గోడల చుట్టూ నీళ్ళు గడ్డకట్టి ఉంటాయి. కరెంటు పోయినా ఆ ఐసు కరుగుతూ టీకాలను 2 నుంచి 8 డిగ్రీల మధ్య గంటల తరబడి కాపాడుతుంది. వానాకాలం వాగులు పొంగి దారులు తెగే మన అడవి పల్లెలకు ఏఎన్ఎం అక్క భుజాన వేసుకెళ్ళే టీకా పెట్టె హవానా కొట్టుకు చిన్న రూపమే: మందపాటి గోడ, గట్టి మూత, లోపల నాలుగు ఐసు ప్యాకులు. అక్క ఆ ప్యాకులను ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే పెట్టెలో పెట్టదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్ళ చప్పుడు విన్నాకే పెడుతుంది. మరీ చల్లటి ప్యాకు తగిలితే కొన్ని టీకాలు గడ్డకట్టి పాడవుతాయి. నీరూ ఐసూ కలిసి ఉన్నాయంటే ప్యాకు సరిగ్గా సున్నా దగ్గర ఉందని గుర్తు. పిల్లలకు టీకాలు వేయించడానికి వెళ్ళిన తల్లిదండ్రులు ఈసారి అడిగి చూడండి, అక్క సంతోషంగా చూపిస్తుంది.

బడిలో చేయదగ్గ పని ఒకటుంది. ఒకే కొలత ఐసు ముక్కలు నాలుగు తీసుకోండి. ఒకటి ఊరికే గిన్నెలో, ఒకటి టేకు పొట్టులో, ఒకటి వరి ఊకలో, ఒకటి తడిపిన ఊకలో పెట్టి, కింద చిల్లు ఉంచి కారిన నీటిని పావుగంటకోసారి కొలిపించండి. పిల్లలే పట్టిక గీస్తారు. ఏది గెలుస్తుందో ముందే చెప్పకండి. మధ్యాహ్నం గంటలో పెడితే తొందరగా తేలుతుంది. పొట్టు కోసం డబ్బు పెట్టక్కర్లేదు, కోతమిషను దగ్గర అడిగితే సంచి నింపి ఇస్తారు.